పాత మునసబు కోర్టు ఎప్పటిది? కోర్టు వయసు, కట్టడం వయసు తేల్చడం ఎట్లా

కనిగిరిరోడ్డు:

కందుకూరు, కనిగిరి మధ్య ఒక పాత తాలూకా ఊళ్లోని మునసబు కోర్టు (చిన్న సివిల్ దావాలు వినే కింది కోర్టు) గురించి ఈ ప్రశ్న. కోర్టు కొత్త కాంప్లెక్సులోకి మారింది, పాత కట్టడానికి తాళం పడింది. ఊరి చరిత్ర రాస్తున్నాం, అందులో దీని తేదీ కావాలి. ఒకరు 1816 అంటారు, ఇంకొకరు ధాత కరువులో (1876–78) కట్టారంటారు. కాంపౌండు గోడ స్తంభం మీద సున్నంలో 1911 అని తీర్చి ఉంది. శిలాఫలకం ఎక్కడా లేదు.

కొలతలు, గుర్తులు ఇవీ. నడిమి హాలు 36 అడుగులు × 20 అడుగులు, పడమటి గోడకు ఆనుకుని జడ్జి కూర్చునే అరుగు. హాలు మీద మద్రాసు టెర్రాసు (దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన చదును కప్పు), టేకు దూలాలు. తూర్పు వరండా కూడా టెర్రాసే గానీ దూలాలు ఇనుపవి, ఒకదాని మీద డార్మన్ లాంగ్, ఇంగ్లండ్ అని ఉబ్బెత్తు అక్షరాలున్నాయి. ఉత్తరం వరండాకు మంగుళూరు పెంకు. రికార్డు గది గోడలు హాలు గోడల కంటే మందం. హాలు తూర్పు గోడలో వాకిలి నెత్తిన పిడికిలి పట్టేంత కన్నం, అందులో అరిగిపోయిన చెక్క రోలరు.

తెలియాల్సినవి మూడు. కోర్టు ఎప్పుడు పెట్టారో ఏ కాగితంలో దొరుకుతుంది? కట్టడం ఎప్పటిది? వానకు హాలు మధ్యలో కారుతోంది, పైన రెండంగుళాల సిమెంటు కాంక్రీటు పోయిద్దామంటున్నారు, పోయించవచ్చా?

నకలు_దరఖాస్తు:

మొదటి రెండు ప్రశ్నలూ ఒకటి కావు, కలపకండి. కోర్టు పుట్టిన ఏడు వేరు, కట్టడం లేచిన ఏడు వేరు. అద్దె ఇంట్లోనో, తాలూకా కచేరీ పక్క గదిలోనో ఏళ్ల తరబడి నడిచి ఆనక సొంత కట్టడంలోకి వచ్చిన కోర్టులు మన జిల్లాల్లో తక్కువేం కాదు.

1816 అన్న మాట గాలిలోంచి రాలేదు. థామస్ మన్రో కమిషన్ సిఫారసుల మీద మద్రాసు ప్రభుత్వం ఆ ఏడు వరసగా రెగ్యులేషన్లు చేసింది. నాలుగోది గ్రామ మునసబులకు, ఐదోది గ్రామ పంచాయతీలకు, ఆరోది డిస్ట్రిక్ట్ మునసబులకు. ఆరో రెగ్యులేషన్ కింద డిస్ట్రిక్ట్ మునసబు 200 రూపాయల దాకా దావాలు వినొచ్చు. అంటే 1816 ఆ ఉద్యోగం పుట్టిన ఏడు. మీ ఊళ్లో మునసబు ఎప్పుడు కూర్చున్నాడన్నదానికి వేరే రుజువు కావాలి. అంతకుముందు కూడా కోర్టు ఉందని ఎవరైనా అంటే అది మునసబు కోర్టు కాదు. నెల్లూరు సీమ 1801లో కర్ణాటక నవాబు నుంచి కంపెనీ చేతికొచ్చింది, 1802 రెగ్యులేషన్లతో జిల్లా కోర్టులు, చిన్న దావాలకు నేటివ్ కమిషనర్లు వచ్చారు.

రుజువు వెతకాల్సింది ముందు లా రిపోర్టుల్లో, అంటే అచ్చయిన పై కోర్టు తీర్పుల సంపుటాల్లో. చాలామంది గెజిట్ల వెనక పడి అలిసిపోతారు, ఇది దానికంటే తేలిక. ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు సిరీస్ 1876 నుంచి ఉంది. అంతకుముందు 1862–75 తీర్పులు మద్రాసు హైకోర్ట్ రిపోర్ట్స్‌లో, 1862కు ముందువి సదర్ అదాలత్ (హైకోర్టుకు ముందున్న పై కోర్టు) తీర్పుల సంపుటాల్లో ఉంటాయి. స్కాన్ చేసిన పాత సంపుటాలు చాలావరకు ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి. జిల్లా కోర్టు దాటి పైకి వెళ్లిన రెండో అప్పీలు తీర్పు మొదట్లో చిన్న అక్షరాల్లో, ఫలానా డిస్ట్రిక్ట్ మునసబు ఫలానా నంబరు దావాలో ఇచ్చిన డిక్రీ, దాని మీద నెల్లూరు జిల్లా జడ్జి అప్పీలులో ఇచ్చిన డిక్రీ అని వరస కట్టి ఉంటుంది. ఆ రెండు లైన్లే మీకు కావాల్సింది. దావా నంబరు పక్కనున్న ఏడుకి మీ ఊరి కోర్టు నడుస్తోందని తేలినట్టే. అట్లా దొరికిన వాటిలో అన్నిటికంటే పాతది పట్టుకోండి. మునసబును ఊరి పేరుతోనే రాసేవారు కాబట్టి ఊరి పేరుతో వెతకాలి, కానీ ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో సంపుటిలో ఒక్కో రకం. కందుకూరును కె తోనూ సి తోనూ, ఒంగోలును ఓ తోనూ వి తోనూ వెతకండి. స్కాన్ల మీద మిషను చదివిన అక్షరాలు తప్పులతడకగా ఉంటాయి, పేరు తగలకపోతే సంపుటి వెనక కేసుల పట్టిక కళ్లతో చూడాల్సిందే.

దాని తర్వాత గెజిట్. 1873 మద్రాసు సివిల్ కోర్టుల చట్టం మునసబు పరిధిని 2,500 రూపాయలు చేసింది. ఏ కోర్టు కింద ఏ ఊళ్లన్నది ప్రభుత్వం ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్‌లో ప్రకటించేది. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఆ గెజిట్లూ, జుడీషియల్ శాఖ ప్రొసీడింగ్సూ ఉన్నాయి. వెళ్లే ముందే కనీసం పదేళ్ల పరిధికి కుదించుకోండి. "మా ఊరి కోర్టు కాగితాలు" అని అడిగితే అక్కడ ఎవరూ ఏమీ తియ్యలేరు. ఏడు, శాఖ, జీవో నంబరు రాసివ్వాలి. నంబరు ఆ ఏటి ఇండెక్సు సంపుటిలో కోర్టులు, కట్టడాలు అన్న శీర్షికల కింద ఉంటుంది.

ఇక కోర్టు సొంత రికార్డు. పాత సూట్ రిజిస్టరు (దావాల పట్టీ), డిక్రీల నకలు కోసం మీరు కేసులో పార్టీ కాదు గనక మూడో వ్యక్తిగా నకలు దరఖాస్తు, దాంతో పాటు ఎందుకు కావాలో చెప్పే అఫిడవిట్ వెయ్యాలి. ఆర్టీఐ వేస్తే తిరిగొస్తుంది. కోర్టు కేసు కాగితాల నకళ్లు హైకోర్టు రూల్సు ప్రకారమే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అన్నీ ఉంటాయని ఆశపడకండి. 1917 రికార్డుల ధ్వంసం చట్టం కింద గడువు తీరిన కాగితాలను ఎప్పటికప్పుడు తీసేస్తూ వచ్చారు. సాక్షుల వాంగ్మూలాలు, సమన్లు, వాయిదా దరఖాస్తులు ముందు పోతాయి. తీర్పు, డిక్రీ, రిజిస్టర్లు ఎక్కువ కాలం నిలుస్తాయి. అందుకని దరఖాస్తులో కేసు ఫైలు మొత్తం కావాలని రాయొద్దు, రిజిస్టరులో ఆ ఏటి మొదటి పేజీ కావాలని రాయండి.

గానుగసున్నం:

మూడో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, అదే అర్జెంటు. దయచేసి సిమెంటు పోయించకండి.

లెక్క చూడండి. రెండంగుళాల కాంక్రీటు 100 చదరపు అడుగులకు సుమారు 1,100 కిలోలు తూగుతుంది. మీ హాలు 720 చదరపు అడుగులు, అంటే దాదాపు 8 టన్నులు కొత్తగా ఆ దూలాల మీద ఎక్కిస్తున్నారు. దానికి తోడు సున్నం పొర తడి పీల్చుకుని వదులుతుంది, సిమెంటు వదలనివ్వదు. పగులులోంచి దిగిన నీళ్లు కింద ఇరుక్కుని టేకు దూలం చివర్లకు చేరతాయి. కొన్నేళ్లు కారడం ఆగినట్టే కనబడుతుంది, ఆ తర్వాత గోడలో దూరిన కొస పుచ్చి దూలం ఒక్కసారిగా కుంగుతుంది. మన వైపు పాత టెర్రాసులు పడిపోయింది ఎక్కువగా ఇట్లాగే.

మద్రాసు టెర్రాసు కట్టు తెలిస్తే కారేది ఎక్కడో మీరే పట్టుకోవచ్చు. పెద్ద దూలాల మీద వాసాలు. వాసాల మీద సన్నటి టెర్రాసు ఇటుకను, సుమారు ఒక అంగుళం మందానిది, అంచు మీద నిలబెట్టి ఐమూలగా సున్నంతో పేరుస్తారు. దాని మీద ఇటుక కంకర, సున్నం కలిపిన కాంక్రీటు. రెండున్నర పాళ్లు కంకరకు ఒక పాలు సున్నపు అడుసు. నాలుగంగుళాలు పరిచి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్క కొట్టుడు బద్దలతో మూడంగుళాలకు దిగేదాకా రోజుల తరబడి కొడతారు. దాని మీద రెండు వరసల పలక పెంకు, కింది వరస అతుకు మీద పై వరస అతుకు పడకుండా. పైన నున్నటి గార.

కారడానికి కారణాలు వరసగా చూసుకోండి. తూము మూసుకుపోయిందా? పిట్టగోడ, కప్పు కలిసే మూలలో గార విడిచిందా? రావి మొక్క ఏదైనా వేరు దించిందా? హాలు మధ్యలో కారుతోందంటున్నారు గనక పలకల అతుకులు విచ్చి ఉండాలి, లేదా మధ్యలో దూలం కుంగి నీళ్లు నిలుస్తుండాలి. గోడ నుంచి గోడకు దారం లాగి దూలం అడుగున కొలవండి. కొసల దగ్గరికీ మధ్యకూ తేడా రాసిపెట్టుకుని రెండు నెలల తర్వాత మళ్లీ కొలవండి. పెరుగుతుంటే ముందు కింద ఊత గుంజలు పెట్టాలి, కప్పు పని ఆ తర్వాతే. దూలం కొసల్లో సన్నటి దబ్బనం గుచ్చి చూడండి. గట్టి టేకులో దిగదు. అరంగుళం సులువుగా దిగితే కొస పుచ్చినట్టే.

మరమ్మతు సున్నంతోనే. ఒక పాలు సున్నం, ఒకటిన్నర పాళ్లు జల్లించిన ఇసుక. కప్పు మీదైతే ఇసుకలో సగం తీసి ఇటుక పొడి వెయ్యండి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు గోడలోకి ఎక్కి గార పొడి పొడిగా రాలుతుంది. సున్నం గుంటలో కనీసం రెండు వారాలు మాగాలి. మాగని సున్నంలో విరగని గడ్డలు ఉంటాయి, అవి గార వేశాక విరిగి పొక్కులు లేస్తాయి. కావలి నుంచి ఒంగోలు దాకా తీరంలో దొరికిన గుల్ల సున్నమే పాత పనికి వాడింది, ఇప్పుడు దొరక్కపోతే రాతి సున్నం మంచిదే. పని వానాకాలం పోయాక, మాఘంలో మొదలుపెట్టి ఎండలు ముదరకముందే ముగించండి. గార వేశాక వారం పాటు తడి గోనె పట్టాలు కప్పాలి.

ఇక తేదీ. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి ఆ కట్టడం ఒకేసారి లేచింది కాదు. టేకు దూలాల హాలు పాతది, ఇనుప దూలాల వరండా తర్వాతది. డార్మన్ లాంగ్ వాళ్లు ఉక్కు దూలాలు తియ్యడం 1880లలో మొదలుపెట్టారు. అంటే ఆ వరండా అంతకుముందుది కాదు. అంత బరువు సరుకు మీ వైపు దిగాలంటే బకింగ్‌హామ్ కాలవ పడవ మీదో, 1899లో మద్రాసు–బెజవాడ రైలు కలిశాక సింగరాయకొండ దాకా వచ్చి అక్కడి నుంచి ఎద్దుబండ్ల మీదో రావాలి. రైలు తర్వాతదే అని నా అంచనా, కాలవను మాత్రం కొట్టిపారెయ్యలేం. దేశంలో టాటా ఉక్కు 1912 నుంచే వచ్చింది. మిగతా దూలాలన్నీ ఒకసారి గీకి చూడండి, ఒక్కదాని మీద టాటా అని కనబడినా లెక్క మారుతుంది.

మంగుళూరు పెంకులో బాసెల్ మిషన్ వాళ్ల ఫ్యాక్టరీ 1865లో మొదలైంది. పెంకు అడుగు వైపు ముద్ర చూడండి. బాసెల్ మిషన్ అని ఉంటే మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు సరుకు, కామన్‌వెల్త్ అని ఉంటే యుద్ధం తర్వాతది. ఒక్క పెంకు చూసి తేల్చకండి, కోతులు, గాలివానలు పెంకులు మార్పిస్తూనే ఉంటాయి. చూరు నుంచి నడికొప్పు దాకా పది చోట్ల తీసి, ఎక్కువ ఏ ముద్రో చూడాలి.

ఆ పిడికిలంత కన్నం పంఖా తాడుది. హాలు దూలానికి గుడ్డ పంఖా వేలాడేది, తాడు ఆ రోలరు మీదుగా వరండాలోకి వచ్చేది, పంఖా లాగే మనిషి బయట కూర్చునేవాడు. దూలాల అడుగున ఇనుప కొక్కేలో, కొక్కేలు పీకిన రంధ్రాలో ఉండాలి, చూసి చెప్పండి. ఇంకో సంగతి. ఆ రోలరు తూర్పు వరండాలోకి తెరుచుకుంటోంది గదా. కన్నం అంచులు గోడ కట్టేటప్పుడే ఇటుకతో తీర్చినవో, తర్వాత ఉలితో తొలిచినవో చూడండి. తీర్చినవైతే హాలు కట్టిన రోజే అటువైపు వరండా ఏదో ఒకటి ఉంది. అంటే ఇప్పటి ఇనుప దూలాల కప్పు పాత కప్పు స్థానంలో వచ్చిందన్నమాట. తొలిచినవైతే పంఖా తర్వాత పెట్టారు.

చెక్కుబంది:

పై ఇద్దరూ చెప్పిందానికి నేల కాగితాలు కలపాలి. ఖర్చు తక్కువ, నిలబడే సాక్ష్యం.

కోర్టు స్థలానికి రిజిస్టరు దస్తావేజు దొరకదు, సర్కారుది గనక. పక్కింటి వాళ్లవి దొరుకుతాయి. పాత అమ్మకం దస్తావేజుల్లో చెక్కుబంది రాస్తారు: తూర్పు ఫలానా, దక్షిణం ఫలానా, పడమర మునసబు కోర్టు ప్రహరీ అని. ఆ మాట మొదట ఏ ఏటి దస్తావేజులో కనబడిందో ఆ ఏటికి కోర్టు ఆ స్థలంలో ఉంది. అంతకుముందు అదే హద్దుకు "సర్కారు బంజరు" అనో, ఒక ఆసామి పేరో ఉంటే ఇంకా మంచిది, రెండు ఏళ్ల మధ్యకు తేదీ బిగుసుకుంటుంది.

మన రాష్ట్రంలో ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకుముందుది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేత్తో వెతికించాలి. ఒకటో పుస్తకం స్థిరాస్తి దస్తావేజులది. దాని ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండో ఇండెక్సు ఊరు, ఆస్తి వారీగా. మీకు కావాల్సింది రెండోది. వెతుకులాటకు రుసుము ఏళ్ల లెక్కన పడుతుంది గనక మొత్తం అడక్కుండా ముందు 1880–1915 మధ్య అడగండి. అంతకంటే ముందు ఆ చుట్టుపక్కల ఇళ్లవాళ్ల పెట్టెల్లో ఉన్న అసలు దస్తావేజులు చూడండి. స్టాంపు కాగితం మీద రాణి బొమ్మ ఉంటే 1901 లోపు ముద్రించింది, ఎడ్వర్డ్ అయితే 1910 లోపు, తర్వాత జార్జిలు. చక్రవర్తి పోయాక కూడా పాత కాగితం కొన్నాళ్లు చెల్లుబాటులో ఉంటుంది, బొమ్మను బట్టి కాకుండా రాసిన తేదీని బట్టే వెళ్లండి.

రెండోది, తాసిల్దారు ఆఫీసులో రీసర్వే సెటిల్మెంట్ రిజిస్టరు, ఊళ్లల్లో డైగ్లాట్ అంటారు. కోర్టు స్థలం సర్వే నంబరు పట్టి వివరాల కాలం చదవండి. కోర్టు పోరంబోకు అని ఉంటే సెటిల్మెంట్ నాటికే కోర్టు ఉంది. తాలూకా కచేరీ పోరంబోకులోంచి సబ్‌డివిజన్ చేసి ఉంటే కచేరీ స్థలంలోంచి విడదీసి ఇచ్చారన్నమాట. ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) కాపీ కూడా తీసుకోండి, గొలుసు కొలతలు ఉంటాయి, ఇప్పటి ప్రహరీతో పోలిస్తే ఎంత జరిగిందో తెలుస్తుంది.

మూడోది ఆర్ అండ్ బి. పాత పీడబ్ల్యూడీ (ప్రజా పనుల శాఖ) కట్టడాల రిజిస్టరులో ప్రతి సర్కారు కట్టడానికి కట్టిన ఏడు, అసలు ఖర్చు, తర్వాత చేర్పులు రాసే కాలమ్‌లు ఉంటాయి. ఇది కోర్టు కేసు కాగితం కాదు గనక ఆర్టీఐ ఇక్కడ పనిచేస్తుంది. 1911 సంగతి అక్కడే తేలాలి. అది ప్రహరీ స్తంభం మీద ఉంది గనక నా ఉద్దేశంలో ప్రహరీ ఏడే, కట్టడానిది కాదు.

కనిగిరిరోడ్డు:

అందరికీ దండాలు. ఇవాళ చూసొచ్చినవి. దూలాల అడుగున కొక్కేలు మూడున్నాయి. కన్నం అంచులు ఇటుకతో తీర్చినవే, ఉలి గాటు లేదు. తూర్పు వరండాలో మిగతా దూలాల మీదా అదే ముద్ర, టాటా లేదు. పెంకులు కిందివి నాలుగు తీస్తే మూడింటి మీద బాసెల్ మిషన్. దబ్బనం పడమటి కొసల్లో దిగలేదు, తూర్పు వైపు రెండు దూలాల్లో దిగింది. సిమెంటు మాట ఆపించాం.

ఒక సందేహం. ఊళ్లో ఒక ఇంట్లో 1890ల నాటి చిన్న తీర్పు కాగితం ఉంది, 14 రూపాయల బాకీ, "మునసబు" సంతకం. ఇది మన కోర్టుదేనా?

పాకనాటి:

కాకపోవచ్చు. 1889 మద్రాసు గ్రామ కోర్టుల చట్టం కింద గ్రామ మునసబు కూడా 20 రూపాయల లోపు బాకీ దావాలు వినేవాడు. ఆ పదవి 1984లో రద్దయ్యేదాకా గ్రామాధికారిదే. కోర్టు సీలు, కోర్టు ఫీజు స్టాంపు, ఓఎస్ (అసలు దావా) లేదా ఎస్‌సీ (స్మాల్ కాజ్ దావా) నంబరు ఉంటే డిస్ట్రిక్ట్ మునసబుది. ఊరి పేరు, సంతకం మాత్రమే ఉంటే గ్రామ కోర్టుది. ఊరి చరిత్రకు అదీ విలువైందే, ఫొటో తీసి విడిగా పెట్టుకోండి.

రికార్డు ఎక్కడుందన్నదానికి జిల్లా మార్పులు గుర్తుంచుకోవాలి. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత గుంటూరు. కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి మాత్రం 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోనే ఉన్నాయి. దానికి ప్రకాశం పేరు 1972లో వచ్చింది. కాబట్టి మీ ఊరి కోర్టు మీద 1970కి ముందు అప్పీళ్లు నెల్లూరు జిల్లా కోర్టులో వెతకాలి. పై అప్పీళ్లు 1954 దాకా మద్రాసు, 1954–56 గుంటూరు, ఆ తర్వాత 2018 దాకా హైదరాబాదు. 2022లో కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసింది గదా అని కోర్టు రికార్డు కూడా తరలిందనుకోకండి, రెవెన్యూ జిల్లా మారినంత మాత్రాన జుడీషియల్ జిల్లా మారదు.

వెంకటగిరి జమీను ఊళ్లు, అంటే పొదిలి, దర్శి వైపువి, మీ పుస్తకంలో వస్తే ఇంకో జాగ్రత్త. శిస్తు తగాదాలు మునసబు కోర్టులో వెతికితే ఎక్కువగా దొరకవు. 1865 శిస్తు వసూలు చట్టం, ఆనక 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం కింద అవి చాలావరకు కలెక్టరు, డిప్యూటీ కలెక్టరు ముందు నడిచాయి. మునసబు దగ్గరికి వచ్చినవి ప్రామిసరీ నోట్లు, తాకట్లు, భాగపరిష్కారాలు, బావి నీళ్ల హక్కులు, గట్టు తగాదాలు.

1873లో అచ్చయిన బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ ఇంటర్నెట్లో ఉంది, అప్పటి జిల్లా గనక ఒంగోలు కూడా అందులోనే. న్యాయపాలన అధ్యాయం ముందు చదివి, మీ ఊరి పేరు ఉందో లేదో చూసి, ఆ తర్వాతే ఎగ్మూరు టికెట్ కొనండి.

గానుగసున్నం:

తూర్పు కొసలు రెండు పుచ్చాయంటే వరండా కప్పు, హాలు గోడ కలిసే చోట నీళ్లు దిగుతున్నాయి. వరండా కప్పు మార్చినప్పుడు ఆ అతుకు సరిగా మూయలేదు. ఇవాళే ఆ రెండు దూలాల కింద సరుగుడు ఊత గుంజలు పెట్టించండి, గోడకు రెండడుగుల ఇవతల, కింద మందపాటి పలక వేసి. కడప బండ మీద నేరుగా నిలబెడితే బండ పగులుతుంది. పై మరమ్మతులో ఆ అతుకు దగ్గర గార మొత్తం తీసి, హాలు గోడలోకి అంగుళంన్నర గాడి కొట్టి, పలక పెంకు అంచు ఆ గాడిలోకి దూర్చి సున్నంతో మూయాలి. దూలం మొత్తం మార్చక్కర్లేదు. పుచ్చిన కొస కోసేసి, పాత టేకు ముక్కతోనే అతుకు వేసి, రెండు పక్కలా ఉక్కు పట్టీలు బోల్టులతో బిగించి, కొస చుట్టూ గోడలో అరంగుళం గాలి సందు వదలాలి. ఈ పని మామూలు మేస్త్రీ చేతిలో పెట్టకండి, పాత మిద్దెల పని తెలిసిన వడ్రంగిని పిలిపించండి.

కన్నం అంచులు తీర్చినవే అన్నారు గనక తూర్పున మొదట్నుంచీ వరండా ఉంది. దాని పాత దూలాల గూళ్లు హాలు గోడలో ఇటుకతో పూడ్చేసి ఉంటాయి. గార రాలిన చోట వరసగా చదరపు అతుకులు కనబడతాయేమో చూడండి. కనబడితే కొలతలు రాసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.